‘వాజ్ లాఫింగ్ ఎట్’ పుట్టుపూర్వోత్తరాలు

మన బడుల్లో పాస్ట్ కంటిన్యుయస్ ఒక పాఠం, ప్రిపొజిషన్లు ఇంకో పాఠం. రెండిటికీ మధ్య పిల్లలు నలిగిపోతారు. ‘ఐ వాజ్ వెయిటింగ్’ దాకా తప్పు లేకుండా రాసిన పిల్లవాడు బస్సు దగ్గరికి వచ్చేసరికి ‘ఫర్’ వదిలేస్తాడు. ‘వాజ్ లిజనింగ్’ తర్వాత ‘టు’ జారిపోతుంది. అక్కర్లేని చోట, ‘వాజ్ డిస్కసింగ్’ వెనక, ‘అబౌట్’ వచ్చి కూర్చుంటుంది. పాఠాలు వేరైనా ఇంగ్లీషులో ఈ రెండిటి పొత్తు చాలా పాతది. ఆ భాష రాతలో నిలదొక్కుకుంటున్న రోజుల నుంచీ ఉంది.

ఆల్‌ఫ్రెడ్ రాజు కాలంలో, 9వ శతాబ్దం చివర, కూర్చిన ‘ఆంగ్లో-సాక్సన్ క్రానికల్’లో కినెవుల్ఫ్ అనే వెసెక్స్ రాజు హత్య కథ ఉంది. రాజు కొద్దిమంది అనుచరులతో ఒక స్త్రీ ఇంటికి వెళ్లాడని తెలిసి, కినెహెర్డ్ అనే దాయాది మనుషులతో వచ్చి చుట్టుముట్టాడు. రాజు గుమ్మంలో నిలబడి తనను కాచుకున్నాడు. కినెహెర్డ్ కంటబడగానే మీదికి దూకి గాయపరిచాడు. అప్పుడిక అందరూ కలిసి రాజు ప్రాణం పోయేదాకా ఆయన మీద పోరాడుతూ ఉన్నారు. అక్కడ వాడిన క్రియ ‘వ్యారున్ ఫెయోహ్తెందె’. అంటే ఇవాళ్టి ‘వర్ ఫైటింగ్’. రాజుకు ముందున్న మాట ‘ఆన్’. ఆ వాక్యంలో కర్త, తర్వాత ‘రాజు మీద’, చివర క్రియ వస్తాయి. ‘మీద’ రాజుకు ముందుంది కానీ, లేకపోతే అచ్చం తెలుగు వాక్యమే. పోరు ఎవరి మీదో చెప్పే బాధ్యత అప్పుడే ప్రిపొజిషన్ తీసుకుంది.

అప్పటి క్రియకు ‘ఇంగ్’ లేదు, ‘ఎందె’ ఉంది. ‘ఇంగ్’, ‘ఉంగ్’ అనేవి పనికి పేరు పెట్టే ప్రత్యయాలు. వేటాడడం ‘హుంటుంగ్’, అది నామవాచకం. దాని సంగతి ఎల్‌ఫ్రిక్ అనే సన్యాసి రాసిన పాఠ్యపుస్తకంలో బాగా కనిపిస్తుంది. మఠంలో పిల్లలకు లాటిన్ నేర్పడానికి 10వ శతాబ్దం చివర ఆయన సంభాషణలు రాశాడు. దున్నేవాడు, జాలరి, వేటగాడు ఒక్కొక్కరే వచ్చి గురువు అడిగిన వాటికి జవాబులు చెబుతారు. లాటిన్ వరసల మధ్య పాత ఇంగ్లీషు అర్థాలు రాసిన ప్రతి ఒకటి మనదాకా వచ్చింది. ఇవాళ వేటకు వెళ్లావా అని గురువు అడుగుతాడు. లేదు, ఇవాళ ఆదివారం కదా, నిన్న వేటలో ఉన్నాను అంటాడు వేటగాడు. ఆ ‘వేటలో’ అన్న చోట ‘ఆన్ హుంటుంగె’ అని ఉంది. ‘పనిలో ఉన్నాడు’, ‘వంటలో ఉంది’ అనే మనకు ఈ వాడుకను విడమరచి చెప్పక్కర్లేదు.

తర్వాతి మూడు నాలుగు వందల ఏళ్లలో రెండు మార్పులు జరిగాయి. ‘ఎందె’ అరిగి, దక్షిణాన ‘ఇందె’ అయి, చివరికి ‘ఇంగ్’లో కలిసిపోయింది. ‘ఆన్ హంటింగ్’లోని ‘ఆన్’ నోట నలిగి ‘ఎ’గా మిగిలింది. ‘వాజ్ ఎ-హంటింగ్’ పుట్టింది ఇలా. నేటి కంటిన్యుయస్‌కు అసలు తల్లి ఆ ‘ఎందె’యా, ఈ ‘ఆన్’ వాడుకా అన్న తగవు పండితుల్లో ఇంకా తీరలేదు. రెండు పాయలూ కలిశాయన్న వాదమే నాకు సబబనిపిస్తుంది.

ఈ ‘హంటింగ్’ నామవాచకం కాబట్టి దానికి వెనక ఇంకో ప్రిపొజిషన్ కావలసి వచ్చింది, ‘ఆఫ్’. జింకల వేటలో ఉన్నాడు అనడానికి ‘వాజ్ ఎ-హంటింగ్ ఆఫ్ డీర్’ అన్నారు. ముందొకటి, వెనకొకటి. కాలక్రమంలో చదువుకున్నవాళ్లు రెండిటినీ వదిలేశారు. మామూలు జనం నోట మాత్రం ఉండిపోయాయి. డికెన్స్ నవలల్లో లండన్ పనివాళ్లు అలాగే మాట్లాడతారు. ఆ ‘ఎ’ ఏమిటని వ్యాకర్తలు కూడా తర్కించారు. అది ‘ఎట్’ అన్నాడు జాన్ వాలిస్. కాదు, ‘ఆన్’ అన్నాడు 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్. లౌత్ మాటే నిలిచింది.

అమెరికాలో అపలాచియా కొండల జనం ఆ ‘ఎ’ని ఇరవయ్యో శతాబ్దంలోనూ వాడారు. వాల్ట్ వుల్‌ఫ్రామ్, డొనా క్రిస్టియన్ అనే భాషావేత్తలు వాళ్ల మాటతీరును పరిశీలించి 1976లో పుస్తకం రాశారు. అది చదువురానివాళ్ల తప్పు కాదని, దానికి కచ్చితమైన నియమాలున్నాయని తేల్చారు. వాటిలో ఒకటి నాకు చాలా ఇష్టం. ‘బై’ లాంటి ప్రిపొజిషన్ తర్వాత వాళ్లు ‘ఎ-’ చేర్చరు. అదీ ఒకప్పుడు ప్రిపొజిషనే కదా! వ్యాకరణం చదవని నాలుక వెయ్యేళ్ల నాటి సంగతిని అంత నిక్కచ్చిగా కాపాడింది.

షేక్‌స్పియర్ నాటికి కంటిన్యుయస్ ఇంకా తప్పనిసరి కాలేదు. పుస్తకం చేతపట్టుకున్న హామ్లెట్‌ను ఏం చదువుతున్నారని పొలోనియస్ అడిగేది మామూలు వర్తమానంలోనే. ఇవాళైతే ‘రీడింగ్’ అనాల్సిందే. అది స్థిరపడుతున్న కాలంలోనే ప్రిపొజిషన్‌కు ఒక ఆపద వచ్చింది. వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండకూడదని 1672లో కవి డ్రైడన్, తనకు ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్‌ను తప్పుపట్టాడు. 1684లో తన వ్యాసాన్నే మళ్లీ అచ్చువేస్తూ అలాంటి చోట్లన్నీ దిద్దుకున్నాడు. జనం వినలేదు. ‘హూ వాజ్ హి టాకింగ్ టు’ అని అడగకుండా ఇంగ్లీషువాడికి రోజు గడవదు. ఆ ఆంక్ష లాటిన్ మీది మోజే తప్ప ఇంగ్లీషు స్వభావం కాదని నా అభిప్రాయం.

చివరిగా కర్మణి ప్రయోగం. ఇల్లు కడుతున్నారు అనడానికి పూర్వం ‘ద హౌస్ వాజ్ బిల్డింగ్’ అనేవారు. ‘వాజ్ బీయింగ్ బిల్ట్’ 18వ శతాబ్దం చివర వచ్చిన కొత్త వాడుక. 1795లో కవి సదే రాసిన ఉత్తరంలో, మంగలి చేత పన్ను పీకించుకుంటున్నవాడి ప్రస్తావనలో అది ఉంది. 1870లో కూడా రిచర్డ్ గ్రాంట్ వైట్ అనే అమెరికన్ విమర్శకుడు దీన్ని తీవ్రంగా ఖండించాడు. అయినా అదే గెలిచింది. దాని పుణ్యమా అని ‘హి వాజ్ బీయింగ్ లాఫ్డ్ ఎట్’ అనగలుగుతున్నారు. కర్త మారినా, వాక్యం తిరగబడినా ‘ఎట్’ మాత్రం ‘లాఫ్’ను అంటిపెట్టుకునే ఉంది.

‘ఆన్’, ‘ఆఫ్’ ఇంగ్ రూపం కోసం వచ్చాయి, దాని నామవాచక లక్షణం తగ్గగానే పోయాయి. ‘ఎట్’, ‘ఫర్’, ‘టు’ అలాంటివి కావు. అవి ఆయా క్రియల సొత్తు, కాలం ఏదైనా కదలవు. అందుకే ఇంగ్లీషు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు నా విన్నపం: ‘వెయిట్’ నేర్పిన రోజే ‘వెయిట్ ఫర్’ నేర్పండి, ‘లిజన్’తో పాటే ‘టు’ రాయించండి. ‘వాజ్’, ‘ఇంగ్’ల పాఠం ఆ తర్వాత మొదలుపెట్టండి.