తెలుగు హాస్య చలనచిత్రాల పునరుద్ధరణ

తెలుగు హాస్య చలనచిత్రాల పునరుద్ధరణ అనగా కాలక్రమంలో దెబ్బతిన్న పాత హాస్యచిత్రాల ఫిల్మును శుభ్రపరచి, బొమ్మను, శబ్దాన్ని సాధ్యమైనంతవరకు తొలి విడుదలనాటి స్థితికి తెచ్చి, థియేటర్లలోను, ఇంటిలో చూసుకొనే డివిడి వంటి రూపాలలోను తిరిగి అందించే ప్రక్రియ. 1957లో విడుదలైన మాయాబజార్ చిత్రం 2010లో రంగులతో తిరిగి రావడం ఇందుకు తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ. మాయాబజార్ పౌరాణిక చిత్రమే అయినా, ఆ కథను నడిపించేది చాలావరకు హాస్యమే. అయితే పాత చిత్రానికి రంగులు వేయడం వేరు, పునరుద్ధరించడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వలన పాత హాస్యచిత్రాలకు మేలుతో పాటు కొంత కీడు కూడా జరిగింది.

హాస్యచిత్రాలకు గల ప్రత్యేకత

తెలుగు హాస్యచిత్రాలలో ఎక్కువగా తలచుకొనేవి నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ నిర్మించినవి. పెళ్ళిచేసి చూడు (1952), మిస్సమ్మ (1955), అప్పుచేసి పప్పుకూడు (1959) చిత్రాలకు ఎల్.వి.ప్రసాద్, మాయాబజార్‌కు కె.వి.రెడ్డి, గుండమ్మ కథ (1962)కు కమలాకర కామేశ్వరరావు దర్శకులు. మాయాబజార్‌కు దర్శకత్వ శాఖలో పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు నెల్లూరు జిల్లాకు చెందినవాడు. తరువాతి కాలంలో ఆయన మాటలే లేని హాస్యచిత్రం పుష్పక విమానం (1987) తీశాడు. కృష్ణపట్నం రేవు గల ఆ నెల్లూరు జిల్లాలోనే, జగదేవిపేటలో, హాస్యనటుడు రమణారెడ్డి (1921 - 1974) జన్మించాడు. మిస్సమ్మలో డేవిడ్, మాయాబజార్‌లో చిన్నమయ ఆయన ధరించిన పాత్రలు.

రమణారెడ్డి నటనను గమనిస్తే హాస్యచిత్రానికి పునరుద్ధరణలో ఎంత జాగ్రత్త కావాలో తెలుస్తుంది. ఆయన బక్కపలుచని మనిషి. మెడ సాచడం, చేతులు విసరడం, మాట అన్న తరువాత ఒక క్షణం ఆగి ఎదుటివాని ముఖం చూడడం, ఇవన్నీ కలిస్తేనే నవ్వు వస్తుంది. యుద్ధ సన్నివేశంలో అర సెకను పోయినా కథ నడుస్తుంది. హాస్య సన్నివేశంలో మాటకు, మౌనానికి మధ్యనున్న ఆ అర సెకను పోతే నవ్వే పోతుంది. ఫిల్ము తెగిన ప్రతిసారి, అతికించేవారు తెగిన చోట అటు ఇటు కొన్ని ఫ్రేములు తీసివేస్తారు. ఎన్నో ఊళ్ళలో ఆడి అరిగిన ప్రింటులో ఇటువంటి అతుకులు పదుల సంఖ్యలో ఉంటాయి. తనంతట తానే చుట్టుకుపోయే గింబళి వంటి ట్రిక్కు షాట్లలో కూడా ఇదే ఇబ్బంది. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంలో ఆ మాయలన్నీ ఫ్రేముల లెక్క మీద ఆధారపడినవి.

ఫిల్ము పాడయ్యే తీరు

1950ల ఆరంభం వరకు వాడుకలో ఉన్న నైట్రేట్ ఫిల్ము తేలికగా అంటుకొనే గుణం గలది. 2003 జనవరి 8న పూణేలో జరిగిన అగ్నిప్రమాదంలో జాతీయ ఫిల్ము ఆర్కైవుకు చెందిన నైట్రేట్ రీళ్ళు పెద్ద సంఖ్యలో కాలిపోయాయి. తరువాత వచ్చిన అసిటేట్ ఫిల్ము అంత సులభంగా మండదు గాని, దానికి వేరొక జబ్బు ఉంది. వేడి, తేమ తగిలినప్పుడు అందులోని అసిటేట్ విడిపోయి అసిటిక్ ఆమ్లం పుడుతుంది. డబ్బా మూత తీయగానే వినిగారు వాసన వస్తుంది. ఫిల్ము కుంచించుకుపోయి, వంకరలు తిరిగి, చివరకు పెళుసుబారి విరిగిపోతుంది. ఒకసారి మొదలైన తరువాత దీనిని ఆపడం సాధ్యం కాదు. చల్లని, పొడి గదిలో ఉంచి నెమ్మదింపజేయడం ఒక్కటే మార్గం.

తెలుగు చిత్రాలు ఆనాడు అధికంగా మద్రాసులో తయారయ్యేవి. కృష్ణపట్నం నుండి మద్రాసు వరకు గల తీరమంతటా గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. ఇనుప సామాను త్వరగా తుప్పు పట్టే అటువంటి వాతావరణంలో, సాధారణ గోదాములలో పడిఉన్న రీళ్ళ గతి ఊహించవచ్చు. దీనికి తోడు ఫిల్ములోని వెండి కోసం పాత రీళ్ళను అమ్మివేయడం కూడా మనదేశంలో జరిగింది.

కొన్ని రీళ్ళను కావాలనే నాశనం చేసిన సందర్భం కూడా ఒకటి చెబుతారు. మిస్సమ్మను మొదట భానుమతితో నాలుగు రీళ్ళ వరకు తీసి, అభిప్రాయభేదం రాగా చక్రపాణి ఆ రీళ్ళను తగలబెట్టించాడని ప్రతీతి. ఆ పాత్ర తరువాత సావిత్రికి దక్కింది.

పునరుద్ధరణ విధానం

ముందుగా అసలు నెగటివును, అది లేనిచోట దాని నుండి తీసిన మొదటితరం ప్రతులను వెదకాలి. ప్రింటు నుండి ప్రింటు తీసిన కొద్దీ బొమ్మలోని వివరం తగ్గుతుంది కనుక, ఎంత మంచి యంత్రం ఉన్నా మూలం సరియైనది కాకపోతే ప్రయోజనం స్వల్పం. దొరికిన ఫిల్మును చేతితో పరీక్షించి, చిరిగిన రంధ్రాలను బాగుచేసి, శుభ్రపరచి, స్కానరుపై ఒక్కొక్క ఫ్రేమునే కంప్యూటరులోకి ఎక్కిస్తారు. సెకనుకు 24 ఫ్రేములు. 184 నిమిషాల మాయాబజార్‌లో ఆ లెక్కన దాదాపు 2,65,000 ఫ్రేములు ఉంటాయి. గీతలు, మచ్చలు, అదరడం, వెలుతురు మిణుకు మిణుకు మనడం అన్నీ ఆ తరువాత సరిచేస్తారు. ఫిల్ము అంచున ఉన్న శబ్దపు పట్టీ నుండి గరగర శబ్దాన్ని తగ్గిస్తారు.

ఇక్కడ అతి చేయడం కూడా దోషమే. ఫిల్ముకు సహజంగా ఉండే రవ్వను పూర్తిగా తుడిచివేస్తే నటుల ముఖాలు మైనపు బొమ్మలవలె కనబడతాయి. హాస్యనటుని కనుబొమ అల్లాడిన సంగతి కూడా ఆ తుడుపులో పోవచ్చు.

పోయిన భాగాలకు వేరే ప్రింటు నుండి అతుకు వేయడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. చార్లీ చాప్లిన్ చిత్రాలను ఇటలీలోని బొలోనా ఫిల్ము ఆర్కైవు పునరుద్ధరించినప్పుడు వివిధ దేశాల ప్రింటులను పోల్చి చూశారు. మిస్సమ్మ, మాయాబజార్ తమిళంలో కూడా ఏకకాలంలో తయారయ్యాయి కాబట్టి, మాటలు లేని కొన్ని దృశ్యాలకు తమిళ ప్రతి ఆధారం కాగలదు. అయితే తమిళంలో రేలంగి ధరించిన పాత్రలను కె.ఎ.తంగవేలు ధరించాడు. అంటే సరిగ్గా హాస్య సన్నివేశాల వద్దనే ఆ సౌకర్యం లేదు. రేలంగి నటన తెలుగు ఫిల్ములో పోతే మరెక్కడా దొరకదు.

రంగుల మాయాబజార్

హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ 2007 నవంబరులో మాయాబజార్‌తో సహా 14 తెలుగు చిత్రాల నెగటివు హక్కులను కొనుగోలు చేసింది. రంగుల మాయాబజార్ విడుదలకు ముందు హిందీలో మొఘల్-ఎ-ఆజమ్ 2004లోను, కన్నడంలో సత్య హరిశ్చంద్ర 2008లోను రంగులలో విడుదలై ఆదరణ పొందాయి. కన్నడ చిత్రానికి రంగులు వేసినది కూడా గోల్డ్‌స్టోనే. మాయాబజార్ పనికి 165 మంది 8 నెలలు శ్రమించారు. సుమారు 7.5 కోట్ల రూపాయలు ఖర్చయింది. శబ్దాన్ని డిటిఎస్ పద్ధతికి మార్చారు. 2010 జనవరి 30న విడుదలైన ఈ ప్రతిని ప్రేక్షకులు ఆదరించారు. నలుపు తెలుపు చిత్రమంటే ముఖం తిప్పుకొనే కొత్తతరం పిల్లలు ఘటోత్కచుని విందును థియేటరులో చూసి నవ్వడం చిన్న విషయం కాదు.

నష్టాలను కూడా చెప్పుకోవాలి. నెగటివు స్థితి బాగుండనందున రెండు పాటలను, కొన్ని సన్నివేశాలను ఈ ప్రతిలో విడిచిపెట్టారు. బొమ్మను సినిమాస్కోపు కొలతకు మార్చారు. పాత చిత్రాలలో ఫ్రేము వెడల్పు, ఎత్తుకు 1.37 రెట్లు. సినిమాస్కోపులో 2.35 రెట్లు. బొమ్మను సాగదీయకుండా ఈ వెడల్పుకు సరిపెట్టాలంటే ఎత్తులో నూటికి 42 పాళ్ళు కోసివేయవలసి వస్తుంది. తల నుండి కాలి వరకు శరీరమంతటితో నవ్వించే నటులకు ఇది అన్యాయమే. పైగా బార్ట్లే వెలుగునీడలను నలుపు తెలుపుల కోసమే అమర్చాడు. అందుచేత రంగుల ప్రతిని మాయాబజార్‌కు ఒక కొత్త రూపంగా భావించాలి గాని, మూలానికి బదులుగా భావించరాదు.

హక్కుల చిక్కుల వలన మిగిలిన చిత్రాలకు రంగులు వేసే ఆలోచన ముందుకు సాగలేదు.

ఇంటికి చేరిన ప్రతులు

1980లలో వీడియో క్యాసెట్లు, 1990ల చివరి నుండి విసిడిలు, ఆపై డివిడిలు పాత హాస్యచిత్రాలను ఇంటింటికి చేర్చాయి. వీటిలో చాలా ప్రతులు అరిగిన ప్రింటుల నుండి తీసినవే. విసిడి బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు మాత్రమే. మూడు గంటల చిత్రానికి రెండు మూడు డిస్కులు అవసరమయ్యేవి, డిస్కు మార్చే చోట సన్నివేశం తెగేది. మనదేశపు టెలివిజను పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. 24 ఫ్రేముల చిత్రాన్ని నేరుగా అందులో నడిపితే మూడు గంటల సినిమా 7 నిమిషాలు ముందే ముగుస్తుంది, శ్రుతి కొంచెం పెరుగుతుంది. ఘంటసాల గొంతు పాత డిస్కులలో సన్నగా వినబడడానికి ఇది ఒక కారణం కావచ్చు.

భారతీయ చట్టం ప్రకారం చలనచిత్రంపై హక్కు, విడుదలైన సంవత్సరం తరువాత 60 ఏళ్ళు ఉంటుంది. ఆ లెక్కన మిస్సమ్మ 2016 జనవరి 1 నాటికి, మాయాబజార్ 2018 నాటికి, గుండమ్మ కథ 2023 నాటికి ప్రజల సొత్తు అయ్యాయి. ఎవరైనా ప్రదర్శించవచ్చు గాని, నెగటివు ఉన్న పెట్టె తాళం దాని యజమాని వద్దనే ఉంటుంది. ఎవరైనా అమ్ముకోగల చిత్రంపై కోట్లు వెచ్చించడానికి ప్రైవేటు సంస్థలు వెనుకాడడం సహజం. కనుక ఈ పని చివరకు ఆర్కైవుల మీదనే పడుతుంది.

ఎన్.ఎఫ్.డి.సి. సంస్థ హిందీ హాస్యచిత్రం జానే భీ దో యారో (1983)ను పునరుద్ధరించి 2012లో మళ్ళీ విడుదల చేసింది. 2022లో జాతీయ ఫిల్ము ఆర్కైవు ఆ సంస్థలోనే విలీనమైంది. అదే సంవత్సరం మే నెలలో 2,200 భారతీయ చిత్రాల పునరుద్ధరణకు 363 కోట్ల రూపాయల కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఫిల్ము హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబరులో హైదరాబాదులో ఫిల్ము పరిరక్షణపై శిక్షణ తరగతులు నిర్వహించింది. అక్కినేని నాగేశ్వరరావు శతజయంతి సందర్భంగా 2024 సెప్టెంబరులో ఈ ఫౌండేషన్ జరిపిన ఉత్సవంలో మిస్సమ్మ, మాయాబజార్, గుండమ్మ కథ మళ్ళీ వెండితెరపై ప్రదర్శింపబడ్డాయి.

ఇంటిలో చూసే ప్రతి మంచిదో కాదో తెలుసుకొనడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి. మాయాబజార్ నిడివి 184 నిమిషాలకు బాగా తక్కువగా ఉంటే ఏదో కోత పడినట్లే, ఏడు నిమిషాల తేడా మాత్రమే ఉంటే అది వేగపు తేడా కావచ్చు. పాత చిత్రం వెడల్పు తెరను నిండా ఆక్రమించి ఉంటే బొమ్మను కోసినట్లో, సాగదీసినట్లో అనుకోవాలి. రెండు ప్రక్కల నల్లని పట్టీలు ఉండడం లోపం కాదు, బొమ్మ పూర్తిగా ఉన్నదనడానికి అదే ఆనవాలు.