కాకులను తోలగలిగిన వయసు: టిబెటన్ శరణార్థి బాలలు, 1959-1964

వినయపిటకంలోని మహావగ్గ, ప్రవ్రజ్య నియమాలను వివరించే సందర్భంలో ఒక చిన్న సంఘటనను నమోదు చేసింది. ఆనంద స్థవిరుని సేవించుకునే ఒక శ్రద్ధావంతమైన కుటుంబం అహివాతక రోగమనే మారి వ్యాధికి బలి అయింది. ఇద్దరు బాలురు మాత్రం మిగిలారు. భిక్షువులు కనిపించగానే వారు పాత అలవాటు చొప్పున పరుగున వచ్చేవారు. భిక్షువులు అదిలించేవారు. పిల్లలు ఏడ్చేవారు. పదిహేనేళ్లు నిండని వారికి ప్రవ్రజ్య ఇవ్వరాదని అప్పటికే నియమం ఉంది. ఈ పిల్లలు నశించిపోకుండా కాపాడే ఉపాయమేమిటని ఆనందుడు వ్యాకులపడి విషయాన్ని భగవానునికి విన్నవించాడు. భగవానుడు అడిగినది ఒకే ప్రశ్న: వారు కాకులను తోలగలరా? తోలగలరని ఆనందుడు చెప్పాడు. అంతటితో నియమం సడలింది. కాకులను తోలగల బాలుడు పదిహేనేళ్లలోపు వాడైనా అతనికి ప్రవ్రజ్య ఇవ్వవచ్చునన్న అనుజ్ఞ వెలువడింది.

డాబా మీద వడియాలు ఎండబెట్టి, కాకులు ముట్టకుండా చేతికొక కర్ర ఇచ్చి పిల్లవాణ్ణి కాపలా కూర్చోబెట్టిన ఇళ్లలో పెరిగిన మనకు ఈ ప్రమాణం అర్థం కావడానికి భాష్యం అక్కరలేదు. అది ఏళ్ల లెక్క కాదు. చూడగలగడం, చేయి ఎత్తగలగడం, చెప్పిన పనిని కాసేపు గుర్తుంచుకోగలగడం అంతే. ఆపదలో ఉన్న పిల్లవాణ్ణి లోపలికి రానివ్వడానికి ఇంతకన్నా చిన్న అర్హతను ఊహించడం కష్టం. టిబెట్ భిక్షువులు పాటించే మూలసర్వాస్తివాద వినయంలోనూ ఈ కాకుల ప్రమాణం ఉంది.

మహావగ్గలో ఆ తరువాత కొద్ది ప్రకరణాలకే మరొక నియమం వస్తుంది. కపిలవస్తులో రాహులునికి ప్రవ్రజ్య ఇచ్చినప్పుడు శుద్ధోదనుడు తట్టుకోలేకపోయాడు. పుత్రప్రేమ చర్మాన్ని, మాంసాన్ని దాటి మజ్జ వరకు కోస్తుందని మొరపెట్టుకున్నాడు. తల్లిదండ్రుల అనుమతి లేనిదే బిడ్డకు ప్రవ్రజ్య ఇవ్వరాదన్న నియమం అప్పుడు ఏర్పడింది. మొదటి నియమం ఎవరూ లేని పిల్లల కోసం తలుపు తెరిచింది. రెండవది, ఎవరైనా ఉన్నారా అని విచారించకుండా ఆ తలుపు తెరవవద్దని చెప్పింది. 1959 తరువాత భారతదేశంలో టిబెటన్ శరణార్థి బాలల విషయంలో జరిగినదాన్ని ఈ రెండు నియమాల మధ్య ఉంచి చదవాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆనాడు సహాయకార్యంలో ఉన్నవారు ఈ ప్రకరణాలను ముందు పెట్టుకొని పనిచేశారని చెప్పడం నా ఉద్దేశం కాదు.

1959 మార్చి 10న లాసాలో ప్రజలు తిరుగుబాటు చేశారు. 17వ తేదీ రాత్రి దలైలామా నగరం విడిచారు. నెలాఖరుకు భారత సరిహద్దు దాటారు. ఆయన వెనుక వేలాది మంది వచ్చారు. వారికోసం అస్సాంలోని మిస్సమారిలో వెదురు పాకలతో ఒక శిబిరం, పశ్చిమ బెంగాల్‌లోని బక్సా దువార్‌లో మరొకటి ఏర్పడ్డాయి. ఆచార్య కృపలానీ అధ్యక్షతన కేంద్ర సహాయ సంఘం పనిచేసింది. ఆహారం, మందులు, గుడ్డలు వచ్చాయి. అయినా మరణాలు ఆగలేదు. సముద్రమట్టానికి పన్నెండు వేల అడుగుల ఎత్తున పుట్టి పెరిగిన శరీరాలకు అస్సాం ఎండ, తేమ, మైదానపు సూక్ష్మజీవులు కొత్త. రక్తవిరేచనాలు, క్షయ ముందుగా పిల్లలను, వృద్ధులను పట్టుకున్నాయి.

మైదానంలో బతకలేరని గ్రహించిన ప్రభుత్వం శరణార్థులను చల్లని కొండ ప్రాంతాలకు తరలించి రహదారి నిర్మాణంలో పని కల్పించింది. ఉద్దేశం మంచిదే. చల్లగాలి దొరికింది, కూలి దొరికింది. రైతులు, భిక్షువులు, భిక్షుణులు, నిన్నటి అధికారులు ఒకే వరుసలో నిలబడి రాళ్లు కొట్టారు. కానీ రోడ్డు పని ఒకచోట నిలిచేది కాదు. పని ముందుకు జరిగినకొద్దీ గుడారాలూ జరిగేవి. గుడారంతో పాటు పిల్లలూ. బడి లేదు, వైద్యుడు లేడు, పగలు చూసుకునే మనిషి లేడు. కొండచరియలు విరిగిపడి, పేలుళ్లలో చిక్కి తల్లిదండ్రులు చనిపోతే ఆ పిల్లలు పక్క గుడారం వారి పాలబడేవారు. కరువు సహాయపు పనులలో మట్టి మోసిన తల్లుల పిల్లల స్థితి మన ప్రాంతపు చరిత్రకారులకు తెలియనిది కాదు. పెద్దలకు పని చూపించిన సహాయం పిల్లలను లెక్కలోకి తీసుకోకపోవడం ఇక్కడా కనిపిస్తుంది.

దలైలామా 1960 ఏప్రిల్ 30న ధర్మశాల చేరారు. మే 17న జమ్మూ ప్రాంతపు రోడ్డు శిబిరాల నుండి 51 మంది పిల్లలు అక్కడికి వచ్చారు. జబ్బుపడి, పోషణ లేక చిక్కిపోయిన పిల్లలు. వారిని చూసుకోవడానికి దలైలామా అక్క సెరింగ్ డోల్మా ముందుకు వచ్చారు. శిశుశాల అలా మొదలైంది. ముందుగా రచించిన ప్రణాళిక లేదు, భవనం లేదు, సిబ్బంది లేరు. భారత ప్రభుత్వం కోనియం హౌస్ అనే పాత బంగళాను అద్దెకు తీసుకొని ఇచ్చింది. వార్త రోడ్డు శిబిరాలకు పాకింది. తల్లిదండ్రులు తామే పిల్లలను తీసుకొచ్చి అప్పగించసాగారు. కొద్ది కాలంలోనే సంఖ్య వందలకు చేరింది. ఒక్కో మంచం మీద పలువురు పిల్లలను అడ్డంగా పడుకోబెట్టవలసి వచ్చింది. గజ్జి, విరేచనాలు, కళ్లకలక ఒకరి నుండి ఒకరికి అంటుకునేవి. 1963లో ఐర్లండ్ నుండి సైకిల్ మీద భారతదేశం చేరిన రచయిత్రి డెర్వ్లా మర్ఫీ అక్కడ స్వచ్ఛంద సేవ చేసి, ఆ రోజుల గురించి 1966లో ఒక గ్రంథం ప్రచురించారు. పిల్లల కష్టాన్నే కాక నిర్వహణలోని లోపాలనూ ఆమె దాచలేదు. సహాయ సంస్థల వార్షిక నివేదికలు మాత్రమే చదివి ఆ కాలాన్ని అంచనా వేసేవారు ఆ పుస్తకాన్ని కూడా పక్కన పెట్టుకోవాలి.

మొదట అనుకున్న పద్ధతి ప్రకారం శిశుశాల చిన్నపిల్లలకు మాత్రమే. ఎనిమిదేళ్లు వచ్చిన వారిని భారత ప్రభుత్వం టిబెటన్లకోసం నెలకొల్పిన వసతి పాఠశాలలకు పంపేవారు. అలాంటి పాఠశాలల్లో మొదటిది 1960 మార్చి 3న ముస్సోరీలో 50 మంది విద్యార్థులతో ప్రారంభమైంది. టిబెటన్ బాలలను సాధారణ భారతీయ పాఠశాలల్లో కలిపివేయక వారికి ప్రత్యేక పాఠశాలలు ఉండాలన్న కోరికను నెహ్రూ అంగీకరించారు. 1961లో విద్యా మంత్రిత్వ శాఖ కింద అందుకొక సంస్థ ఏర్పడింది. అత్యవసర సహాయ చరిత్రలో ఈ నిర్ణయానికి రావలసినంత గుర్తింపు రాలేదు. అన్నం, మందు పెట్టడం అప్పటికి ప్రపంచమంతటా అలవాటైన పని. శరణార్థి బాలునికి ఆతిథ్య దేశపు ఖర్చుతో అతని సొంత భాషను, ధర్మాన్ని నేర్పడం అంత అలవాటైనది కాదు.

ముస్సోరీలోనే 1962లో టిబెటన్ గృహాలు మొదలయ్యాయి. వాటి బాధ్యత వహించిన రించెన్ డోల్మా తారింగ్ 1959లో లాసా నుండి తప్పించుకున్నప్పుడు తన సొంత పిల్లలను వెంట తెచ్చుకోలేకపోయారు. ఆమె ఆత్మకథ చదివిన వారికి ఆ విషయం ఎంత ముక్తసరిగా, ఎంత భారంగా చెప్పబడిందో గుర్తుండే ఉంటుంది. అనాథ బాలల ఇంటిని నడిపిన తల్లి తన బిడ్డల క్షేమవార్త కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది.

సంఘంలోని బాలల విషయం కొంత వేరు. బక్సా దువార్ బ్రిటిష్ పాలనలో స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన కోట. అందులో సుమారు 1500 మంది భిక్షువులు చేరి, సెరా, డ్రెపుంగ్, గాండెన్ మహావిహారాల అధ్యయన పరంపరను తెగనివ్వకుండా కాపాడారు. వారిలో బాల శ్రామణేరులూ ఉన్నారు. తరువాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధుడైన లామా జోపా రింపోచే అక్కడ బాలభిక్షువుగా ఉండి క్షయ బారిన పడ్డారు. మిస్సమారి, బక్సా శిబిరాలను చూసి చలించిన ఫ్రెడా బేడీ యువ లామాలకోసం ఢిల్లీలో ఒక ఆశ్రమ పాఠశాల తెరిచారు. అది తరువాత డల్హౌసీకి మారింది. ఆమె 1966లో 16వ కర్మపా వద్ద శ్రామణేరి దీక్ష స్వీకరించారు. బక్సాలో మిగిలినవారు 1969 నాటికి గాని కర్ణాటకలోని బైలకుప్పె, ముండ్‌గోడ్‌లకు చేరలేదు. ఒక గ్రంథ సంప్రదాయాన్ని రక్షించడానికి చెల్లించిన మూల్యంలో ఆ పిల్లల ఊపిరితిత్తులు కూడా ఉన్నాయని చెప్పడం కఠినంగా వినిపించవచ్చు. అయినా చెప్పక తప్పదు.

ఇక రెండవ నియమం. స్విట్జర్లాండ్‌లోని ట్రోగెన్‌లో రెండవ ప్రపంచ యుద్ధపు అనాథల కోసం 1946లో పెస్టలోజ్జీ బాలల గ్రామం మొదలైంది. ఒక్కో దేశపు పిల్లలు ఒక్కో ఇంట్లో, తమ భాష మాట్లాడే పెద్దల సంరక్షణలో ఉండడం ఆ గ్రామపు పద్ధతి. 1960లో అక్కడికి వెళ్లిన టిబెటన్ పిల్లలకు కూడా ఆ విధంగానే ఒక ఇల్లు దొరికింది. దీనికి సమాంతరంగా మరొక ప్రయత్నం జరిగింది. ఓల్టెన్‌కు చెందిన పారిశ్రామికుడు చార్లెస్ ఎష్‌మాన్ 1961, 1964 మధ్య దలైలామా సమ్మతితో సుమారు 160 మంది టిబెటన్ పిల్లలను స్విస్ కుటుంబాలలో విడివిడిగా పెంపకానికి ఇప్పించారు. ఆయన ఇంట్లోనూ ఒక టిబెటన్ బాలుడు పెరిగాడు. ఆ పిల్లలలో అధికులు అనాథలు కారు. తల్లో, తండ్రో, ఇద్దరూనో జీవించే ఉన్నారు.

పంపినవారి ఆలోచనలో ఆ పిల్లలు ఆధునిక విద్య నేర్చి ఒకనాడు తమ జాతికి ఉపయోగపడవలసిన వారు. తీసుకున్న కుటుంబాలలో చాలామందికి వారు తమ బిడ్డలు. ఒకే ఏర్పాటును రెండు పక్షాలు రెండు విధాలుగా అర్థం చేసుకున్నాయి. రోడ్డు శిబిరంలో రాళ్లు కొట్టే తల్లికి ఎంత దూరం, ఎంత కాలం అన్నది ఎవరు ఎంతవరకు వివరించారో చాలా సందర్భాలలో తేలలేదు. పిల్లలు ఆరోగ్యంగా పెరిగారు, చదువుకున్నారు. కొందరికి రెండు కుటుంబాల ప్రేమ దక్కింది. మరికొందరు టిబెటన్ భాషను పూర్తిగా కోల్పోయి, పెద్దయ్యాక కన్నతల్లి ఎదుట మాట లేకుండా నిలబడ్డారు. 2010 దశకంలో ఈ విషయంపై స్విట్జర్లాండ్‌లో ఒక డాక్యుమెంటరీ, ఒక పరిశోధన గ్రంథం వెలువడేవరకు ఈ కథ ఎక్కువగా దాతృత్వపు కథగానే చలామణి అయింది.

ఎష్‌మాన్‌ను దోషిగా నిలబెట్టడం సులువు, కానీ న్యాయం కాదు. శిశుశాలలో మరణాలు సంభవిస్తున్న రోజులవి. విమానం ఎక్కించిన ప్రతి బిడ్డ ఒక ప్రాణం దక్కినట్టే అనిపించిన రోజులు. కాకుల నియమపు తర్కమే అక్కడ పనిచేసింది: ముందు లోపలికి రానివ్వండి. లోపించినది శుద్ధోదనుని నియమం. బిడ్డను ఇచ్చేవారి అనుమతి స్పష్టమైన ఎరుకతో కూడినదై ఉండాలన్న పట్టుదల, అది నమోదై ఉండాలన్న శ్రద్ధ లోపించాయి.

ధర్మశాలలో మార్పు మరొక దారిన వచ్చింది. 1964లో సెరింగ్ డోల్మా మరణించారు. చెల్లెలు జెట్సున్ పెమా బాధ్యత స్వీకరించి 2006 వరకు, అంటే 42 సంవత్సరాలు నిర్వహించారు. ఆ 2006 జనవరిలోనే అమరావతిలో కాలచక్ర దీక్షా మహోత్సవం జరిగింది. టిబెటన్ ప్రవాస సమాజాన్ని మన ప్రాంతం అంత దగ్గరగా చూసిన సందర్భం అంతకుముందు లేదు. పెమా కాలంలో వసతి పాఠశాలలు నిండిపోయాయి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలను పంపే చోటు లేక శిశుశాలే గ్రామంగా మారవలసి వచ్చింది. ఆస్ట్రియాకు చెందిన హెర్మన్ గ్మైనర్ 1949లో ఇమ్‌స్ట్‌లో ప్రారంభించిన బాలల గ్రామ పద్ధతి ఇక్కడ ఆదర్శమైంది. 1972లో టిబెటన్ బాలల గ్రామంగా నమోదు జరిగింది. పెద్ద గదులు పోయి ఇళ్లు వచ్చాయి. ఒక్కో ఇంటికి ఒక టిబెటన్ గృహమాత, వేర్వేరు వయసుల పిల్లలు అన్నదమ్ముల్లా, అక్కచెల్లెళ్లలా కలిసి ఉండే ఏర్పాటు. స్విట్జర్లాండ్ వెళ్లిన పిల్లలకు విదేశంలో కుటుంబం దొరికింది. ఇక్కడ విదేశీ దాతల ధనం వచ్చి, కుటుంబం స్వభాషలో, స్వస్థలానికి చేరువలో నిలిచింది. దూరదేశపు దాతకు పిల్లవాని ఉత్తరం, ఛాయాచిత్రం చేరేవి. పిల్లవాడు మాత్రం కదలలేదు.

పరిశోధకులకు ఇక్కడ చేయవలసిన పని మిగిలి ఉంది. 1960 నాటి బాలలు ఇప్పుడు డెబ్బై ఏళ్ల ప్రాంతంలో ఉన్నారు. వారి జ్ఞాపకాలను కర్ణాటక, హిమాచల్ స్థావరాలలో ఇప్పుడే సేకరించాలి. ప్రవేశ పుస్తకాలలో ఉన్న వయసు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు ఎవరు చెప్పగా ఎవరు రాశారన్నది విడిగా పరిశీలించాలి. చాలామంది శరణార్థి పిల్లల పుట్టినతేదీలు గుమాస్తాల అంచనాలే. అనాథ అన్న మాట కూడా అంతే. చిన్న వయసులో శ్రామణేరులుగా చేర్చుకునే నేటి విహారాలకు సైతం ఈ పుస్తకాల పోలిక ఉపయోగపడుతుంది.

ఎందుకంటే ఆ మాట తరువాత మరింత చిక్కుపడింది. 1980 దశకం నుండి టిబెట్‌లో జీవించి ఉన్న తల్లిదండ్రులే తమ పిల్లలను దళారుల వెంట హిమాలయాలు దాటించి ధర్మశాల బడికి పంపసాగారు. అనుమతి ఉంది, అదీ నిండు మనసుతో. తిరిగి చూసుకునే ఆశ మాత్రం ఇరువైపులా లేదు. మంచులో వేళ్లు కోల్పోయి చేరిన పిల్లలు కూడా వారిలో ఉన్నారు. 2008 తరువాత సరిహద్దు బిగుసుకోవడంతో ఆ రాక బాగా తగ్గింది. గ్రామపు ఇళ్లలో అలా వచ్చి పెరిగినవారు కొందరు ఇప్పుడు అక్కడే గృహమాతలుగా, ఉపాధ్యాయులుగా ఉన్నారు.