పశ్చిమ బెర్లినులో ఇనుప సంగీతము

1961లో బెర్లిను గోడ లేచిన పిమ్మట పశ్చిమ బెర్లిను నగరము నలుదెసలను తూర్పు జర్మనీ భూమి యావరింప నొంటిగా మిగిలెను. పరిశ్రమలు పెక్కులు తరలిపోయెను. రెండవ ప్రపంచయుద్ధములో దెబ్బతిని, బాగుచేయు దిక్కులేని పాత యిండ్లును, చౌక యద్దెలును నిలిచిపోయెను. యుద్ధవిజేతల యేర్పాటు ననుసరించి ఆ నగరవాసులకు పశ్చిమ జర్మనీ సైన్యములోని నిర్బంధసేవ వర్తింపకుండెను గనుక, తుపాకి పట్టనొల్లని కుర్రవాండ్రు దేశము నలుమూలలనుండి వచ్చి యచ్చట చేరిరి. 1981లో వెలువడిన ‘కొలాప్స్’ అను ఆల్బమును ఈ యూరినుండి విడదీసి వినినచో, అది వట్టి రణగొణధ్వనిగానే తోచును.

దానిని కూర్చిన బృందము ఐన్‌స్టుర్జెండె నోయ్‌బౌటెన్, అనగా కూలుచున్న కొత్త కట్టడములు. వీరి తొలి కచేరి 1980 ఏప్రిల్ 1న జరిగెను. రెండు నెలలైన నిండకమునుపే, మే 21న, 1957లో అమెరికావారి కానుకగా ఆ నగరమున వెలసిన కాంగ్రెసు సభామందిరపు కప్పు కొంత కూలి యొకరి ప్రాణము తీసెను. బృందపు పేరు జోస్యమైనదని యభిమానులు మురియుదురు. మనిషి చచ్చినచోట ఇట్టి మురిపెము నాకు రుచింపదు. అయినను, యుద్ధానంతరము వెలసిన కాంక్రీటు వైభవముపై ఆ తరమువారికి గల యపనమ్మకము ఉత్త పైత్యము కాదని యొప్పుకొనవలెను.

వాద్యముల కథ యింకను చిత్రమైనది. బృందసభ్యుడు ఎన్. యు. ఉన్‌రూ డబ్బునకు కటకటపడి తన డ్రమ్ములను అమ్ముకొని, దొరికిన ఇనుపరేకులను, పైపులను పోగుచేసి వాయింప మొదలిడెను. సిద్ధాంతముకంటె ముందు నడచినది పేదరికమే. అతడును, గాయకుడు బ్లిక్సా బార్గెల్డును 1980లోనే మోటారు రహదారి వంతెన లోపలి బోలు చోటున దూరి, ఆ గోడలనే మ్రోగించుచు ఒక క్యాసెట్టు నింపిరి. యంత్రధ్వనులను సంగీతములోనికి ఆహ్వానించుచు ఇటలీ దేశీయుడు లుయీజీ రుస్సోలో 1913లోనే ప్రకటన వెలువరించెను గాని, అతనిది యంత్రమును జూచి మైమరచిన యుగము. వీరికి దక్కినది యంత్రపు తుక్కు.

‘కొలాప్స్’లో రాగమునకై వెదకువాడు నిరాశపడును. సుత్తిదెబ్బలు, లోహపు గీకుళ్లు, వానినడుమ బార్గెల్డు పెట్టు కేకలు: బాధపడుచు వినుటయే వారు శ్రోతనుండి కోరినది. సెర్జ్ గేన్స్‌బూర్ యొక్క సుప్రసిద్ధ శృంగారగీతమును సైతము వారు అందులో చిత్రవధ చేసిరి. ఆల్బముపై నొక ఛాయాచిత్రము కలదు. 1969లో పింక్ ఫ్లాయిడ్ బృందము తన ఖరీదైన వాద్యపరికరములను విమానాశ్రయపు బాటపై బారులు తీర్చి పటము తీయించుకొనగా, ఆ దర్పము నెకసెక్కెమాడుచు వీరు తమ పనిముట్లను, ఇనుపసామానును బెర్లిను ఒలింపిక్ స్టేడియము నెదుట పరచి నిలుచుండిరి. 1936లో హిట్లరు తన వైభవమును లోకమునకు చూపిన రాతికట్టడ మది! ఆల్బములోని కేకలన్నిటికంటె ఈ మౌనపటమే నాకు ఘాటుగా తోచును.

1984 జనవరి 3న లండనులోని సమకాలీన కళాసంస్థలో బృందసభ్యులు కాంక్రీటు కలుపు యంత్రములతో, డ్రిల్లులతో కచేరి సాగించి వేదికనే తొలువబోగా, నిర్వాహకులు మధ్యలోనే యాపించిరి. ప్రేక్షకులు గలభా చేసిరి. 2007లో ఆ సంస్థయే ఆ గలభాను, నటులను బెట్టి, మరల ప్రదర్శింపజేసెను.