బినే గారి కొలబద్ద

వెలిగించిన అగ్గిపుల్లను బిడ్డ కన్నులయెదుట అటు నిటు కదలింపవలెను. చూపు దాని వెంట పోవుచున్నదా? చాకొలెట్ ముక్కను, అంతే పరిమాణము గల కొయ్యముక్కను చూపవలెను. తినదగినది ఏదియో తెలిసికొన్నదా? మూడంకెలు చెప్పి, మరల చెప్పింపవలెను. ఈగకును సీతాకోకచిలుకకును భేదమేమని అడుగవలెను. 1905లో పారిస్ నగరమున ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడార్ సిమోన్ అను ఇరువురు ప్రకటించిన 30 ప్రశ్నల పట్టికలో ఇట్టివి కలవు. నేడు పిల్లలకును పెద్దలకును జరుపుచున్న బుద్ధిపరీక్షలకు మూలము ఆ పట్టికయే.

ఫ్రాన్సులో 1882లో ప్రాథమిక విద్య నిర్బంధమయ్యెను. అంతవరకు బడి మొగము చూడని పిల్లలు రాసాగిరి. వారిలో కొందరికి చదువు పట్టుబడలేదు. అట్టివారి విషయము ఆలోచించుటకు ప్రభుత్వము 1904లో ఒక సంఘమును నియమించెను. బినే అందొక సభ్యుడు. ఉపాధ్యాయుడు విసిగి 'వీడు మందుడు' అన్నంతనే పిల్లవానిని వేరుచేయుట న్యాయము కాదని ఆయన తలంచెను. అంతకు పూర్వము ఆయన తలల కొలతలు తీసి, ప్రయోజనము లేదని విడిచినవాడు. తన కుమార్తెలు మద్‌లేన్, ఆలీస్ ఒకే యింట పెరుగుచు వేర్వేరు రీతుల ఆలోచించుటను గమనించి వ్రాసికొన్న తండ్రియు ఆయనయే. మాకు ఈ రెండవ సంగతియే ముఖ్యముగా తోచుచున్నది.

1908లో ప్రశ్నలను 3 మొదలు 13 ఏండ్ల వరకు వయస్సుల వారీగా అమర్చిరి. ఎనిమిదేండ్ల బాలుడు ఆరేండ్లవారి ప్రశ్నలకే సమాధానము చెప్పగలిగినచో, వాని మానసిక వయస్సు ఆరు. ఇది జీవితాంతము నిలుచు తీర్పని బినే అనుకొనలేదు. బుద్ధి పెంచుటకు వీలులేని వస్తువనువారిని 1909లో వెలువరించిన గ్రంథమున గట్టిగా ఖండించెను. వెనుకబడిన పిల్లలకు ముందుగా శిలాప్రతిమల వలె కదలక నిలుచు ఆట మొదలగువానిని అభ్యసింపజేయుట ఆయన పద్ధతి. కుదురుగా నుండుట, వినుట, గమనించుట నేర్చిన పిదపనే పాఠము.

1911లో ఆయన మరణించెను. మరుసటి యేడు జర్మనీలో విలియం స్టెర్న్ మానసిక వయస్సును అసలు వయస్సుచే భాగించెను. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ ఆ లబ్ధమును 100చే గుణించి వాడుకలోనికి తెచ్చెను. మన ఎనిమిదేండ్ల బాలుడు ఇప్పుడు 75! రెండేండ్లు వెనుకబడినాడన్నప్పుడు అందుకొనవచ్చునన్న ఆశ యుండెను. 75 అన్నది ఇంటిపేరువలె బిడ్డకు అంటుకొన్నది.

అమెరికా 1917లో యుద్ధమున ప్రవేశించిన పిదప సుమారు 17 లక్షల 50 వేల మంది సైనికులకు ఈ పరీక్షలు పెట్టిరి. చదువు రానివారికి బొమ్మలు: వల లేని టెన్నిస్ ఆట, కొమ్ము లేని గ్రామఫోను. లోపించినది గీయవలెను. గ్రామఫోను నెన్నడును చూడని వలస రైతుబిడ్డ ఏమి గీయగలడు? ఆ ఫలితములనుబట్టి దక్షిణ, తూర్పు ఐరోపావారు తక్కువ బుద్ధిగలవారని కార్ల్ బ్రిగమ్ 1923లో గ్రంథమే వ్రాసెను. 1930లో అది పొరపాటని తానే ఒప్పుకొనెను. ఈ నడుమ, మానసిక వయస్సు తొమ్మిదని నిర్ణయింపబడిన కారీ బక్ అను యువతికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయుటను 1927లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించెను. ఆమె బడిలో తరగతులు మామూలుగానే దాటినది.

ఆ సైన్యపరీక్షకులలో డేవిడ్ వెక్స్‌లర్ ఒకడు. పరీక్షలో తక్కువని తేలినవారు కొందరు ఇంటివద్ద తమ పనిపాటలు చక్కగా నడుపుకొన్నవారని ఆయన కనుగొనెను. 1939లో పెద్దలకై ఆయన రచించిన పరీక్షలో మాటలతోపాటు చేతిపనియు కలదు. పోలిక తన యీడువారితోనే. పిల్లలకు 1949లో వేరుగ కూర్చెను.

అవిభక్త భారతమున లాహోరులో హెర్బర్ట్ రైస్ 1929లో హిందుస్తానీ పరీక్షను ప్రకటించెను. బొంబాయి ప్రాంతమున వి. వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకై బినే ప్రశ్నలను సవరించెను. ఇట్టి పనికి మాటలు మార్చుట చాలదు. ఏ ప్రశ్న ఏ వయస్సునకు తగునో ఇచ్చటి పిల్లలను వందలకొలది అడిగియే తేల్చవలెను.