నాయకుడి లోపం నాయకుడికి తెలిసేదెలా?

నాయకత్వ శిక్షణ తరగతుల్లో తరచుగా చేయించే మొదటి పని, ఒక కాగితం మీద ఎవరి బలాలు, బలహీనతలు వాళ్ల చేత రాయించడం. కాసేపు ఒంటరిగా కూర్చుని నిజాయితీగా ఆలోచిస్తే ఎవరి సంగతి వాళ్లకే తెలుస్తుందన్న నమ్మకం దాని వెనక ఉంది. చరిత్ర ఆ నమ్మకాన్ని పెద్దగా బలపరచదు. పాలకులు, నాయకులు తమను తాము తూచుకునే పద్ధతి మెరుగుపడ్డప్పుడల్లా పక్కవాడి మాటకో, దాచలేని లెక్కకో అందులో చోటు దొరికింది.

రాజు కామం, క్రోధం, లోభం, మానం, మదం, హర్షం అనే ఆరింటినీ జయించాలని అర్థశాస్త్రం మొదటి అధికరణంలోనే అంటాడు కౌటిల్యుడు. మానం వల్ల చెడినవాడికి రావణుణ్ణి ఉదాహరణగా చూపిస్తాడు. అయితే ఆ పనిని రాజు మనస్సాక్షికే వదిలేయలేదు. ప్రమాదాల నుంచి తనను ఆపగల ఆచార్యులనో, అమాత్యులనో రాజే నియమించుకోవాలన్నాడు. ఏకాంతంలో అతను ఏమరితే, కాలాన్ని కొలిచే నీడనూ నాళికనూ (గడియ కొలతనూ) ములుకోలగా చేసుకుని వాళ్లు పొడవాలన్నాడు. రాజు మాటే శాసనమైన రోజుల్లో ఇంత మాట అనగలగడం అబ్బురమే. రెండో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ తనకోసం గ్రీకులో రాసుకున్న పుస్తకం ఏకాంత చింతనకు మారుపేరుగా నిలిచింది. కానీ దాని మొదటి భాగం నిండా ఉన్నది తాత నుంచి, గురువుల నుంచి, పెంపుడు తండ్రి నుంచి ఏమేం నేర్చుకున్నాడన్న జాబితాయే.

పద్దెనిమిదో శతాబ్దంలో అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఈ ఆత్మపరిశీలనను ఖాతా పుస్తకం స్థాయికి తెచ్చాడు. చిన్న పుస్తకంలో ఏడు రోజులకు ఏడు నిలువు గడులు, అలవరచుకోదలచిన గుణానికొక అడ్డ గడి గీసుకుని, తప్పిన రోజున నల్లచుక్క పెట్టేవాడు. వారానికొక గుణం మీద గురి, పదమూడు వారాలకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు. ఇంత పకడ్బందీగా కూర్చున్నవాడికీ మొదట తట్టిన గుణాలు పన్నెండే. వినయం అందులో లేదు. నీ మాటల్లో గర్వం కనిపిస్తోందని, వాదనలో ఎదుటివాణ్ణి అణగదొక్కుతావని ఒక క్వేకర్ మిత్రుడు ఉదాహరణలతో సహా చెప్పాకే పదమూడో గడి వచ్చింది. దాంతో ‘నిస్సందేహంగా’ వంటి మాటలు మానేసి, ‘నాకు ఇలా తోస్తోంది’ అనడం అలవాటు చేసుకున్నాడు. సభల్లో తన మాటకు విలువ పెరగడానికి ఈ అలవాటు కారణమని ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. ఆయన నాయకత్వానికి అక్కరకొచ్చిన దిద్దుబాటు, ఆయనకు స్వయంగా కనిపించని లోపం మీదనే జరిగింది.

తనను తాను చూసుకోగలిగిన నాయకులు లేరా అని ఎవరైనా అడగవచ్చు. 1937 నవంబరులో ‘మోడరన్ రివ్యూ’లో ‘చాణక్య’ పేరుతో ‘రాష్ట్రపతి’ అనే వ్యాసం వచ్చింది. జవహర్‌లాల్‌లో నియంత కాగల లక్షణాలున్నాయని, ఆయన అహంకారాన్ని అదుపులో పెట్టాలని, మళ్లీ కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి చేయవద్దని అది హెచ్చరించింది. రాసింది నెహ్రూయే. అరుదైన సాహసమిది, కాదనలేం. అయినా ఆయన ఆ మాట చెప్పడానికి మరొకరి పేరు పెట్టుకుని, మరొకరి చోట నిలబడి తనవైపు చూడవలసి వచ్చింది.

ఈ కథలో అన్నిటికన్నా పెద్ద మలుపు అనుకోకుండా వచ్చింది. 1946 వేసవిలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, జాతి వివక్షను ఎదుర్కోవడంపై మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ ఒక శిక్షణ శిబిరం పెట్టాడు. పగలు బృందాల్లో ఎవరెలా ప్రవర్తించారో రాత్రిపూట పరిశోధకులు చర్చించుకునేవారు. కొందరు శిక్షణార్థులు తామూ వింటామన్నారు. లెవిన్ సరేనన్నాడు. తన ప్రవర్తన గురించి పరిశోధకులు చెబుతుండగా ఒక మహిళ, అలా జరగలేదని అడ్డుతగిలింది. వాదన నడిచింది. తర్వాతి రాత్రుల్లో ఆ గదికి జనం పెరిగారు. ఆ రాత్రుల నుంచే 1947లో మెయిన్ రాష్ట్రంలోని బెతెల్‌లో శిక్షణ బృందాల పద్ధతి మొదలైంది. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగం గీసిన ‘జోహారి కిటికీ’ అనే పటంలో, మనకు తెలియక ఇతరులకు తెలిసినదానికి ఒక గడి ఖాయమైంది. సైన్యంలో అధికారి ఉద్యోగానికి సర్వీసెస్ సెలక్షన్ బోర్డు మెట్లెక్కే మన పిల్లలకూ ఇది కొత్త కాదు. స్వీయ వర్ణన పరీక్షలో తమ అభిప్రాయంతోపాటు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, స్నేహితులు తమ గురించి ఏమనుకుంటారో రాయాలి.

ఇతరుల మాట ఎప్పుడూ మేలే చేస్తుందని కాదు. పరిశోధకులు క్లూగర్, డెనిసి 1996లో పాత పరిశోధనలను కలిపి చూస్తే, ఇలాంటి అభిప్రాయాలు విన్నాక మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గింది. మాట పని మీద నుంచి మనిషి మీదకు మళ్లేకొద్దీ ఫలితం చెడుతుందని వాళ్లు వివరించారు. ఫ్రాంక్లిన్ మిత్రుడు ఉదాహరణలు చూపించడం ఎందుకు పనిచేసిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇక రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: అధికారంలో ఉన్నవాడికి నిజం చెప్పేదెవరు? అక్కడ లెక్కే సాక్షి కావాలి. పెద్ద నిర్ణయం తీసుకున్నప్పుడల్లా ఏం జరుగుతుందని ఆశిస్తున్నారో రాసిపెట్టి, తొమ్మిది నెలలకో ఏడాదికో జరిగినదానితో పోల్చుకోమని 1999లో నిర్వహణ శాస్త్ర రచయిత పీటర్ డ్రకర్ రాశాడు. ఇంజనీర్లు, అకౌంటెంట్ల వంటి నిపుణులు తనకు ఇట్టే అర్థమవుతారని, అన్నీ కొంచెం కొంచెం తెలిసినవాళ్లతో మాత్రం తనకు పొసగదని ఆ కాగితాలు చూశాకే ఆయనకు తెలిసింది. చేతకాని చోట శ్రమ తగ్గించి, బలమున్న చోటే దాన్ని ఇంకా పెంచుకోవాలన్న ఆయన సలహా ఆ లెక్కల్లోంచి వచ్చిందే.