వంశావళి లేని యాజకత్వం: డోర్నకల్ అధ్యక్ష మండలం అందించిన వారసత్వం

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ బాధ్యత అందుకున్న మొట్టమొదటి భారతీయుడు ఆయనే. అప్పటికి నిజాం రాజ్యంలో ఒక రైల్వే కూడలిగా మాత్రమే పేరున్న డోర్నకల్ ఆయనకు పీఠమైంది. ఆయన పుట్టింది తిరునల్వేలి ప్రాంతంలో, గుడిలోకి అడుగుపెట్టే హక్కు లేని నాడార్ కులంలో. తండ్రి పల్లెటూరి సంఘ గురువు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ చందాలతో, తమ మనుషులతో నడుపుకోవాలని ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం పక్షానే ఆయన 1909లో తెలుగు నేలకు వచ్చి, తెలుగు నేర్చుకుని, తెలుగులోనే ప్రసంగించారు.

ఆయన పొందిన ఆ యాజకత్వం ఏమిటి? మన సంఘాల్లో పుట్టి పెరిగినవాళ్లం కూడా ఈ ప్రశ్న దగ్గర తగినంతసేపు నిలబడమని నాకనిపిస్తుంది.

పాత నిబంధనలో యాజకత్వం పుట్టుకతో వచ్చేది. లేవి గోత్రం, అందులోనూ అహరోను వంశం. బయటివాడు ఎంత భక్తిపరుడైనా బలిపీఠం దగ్గరికి వెళ్లకూడదు. హెబ్రీ పత్రిక రాసిన భక్తుడు ఈ చిక్కును దాటవేయలేదు. యేసు యూదా గోత్రంవాడని, ధర్మశాస్త్రం ప్రకారం ఆయన యాజకుడు కాలేడని ఒప్పుకున్నాడు. ఒప్పుకునే, ఆదికాండం 14వ అధ్యాయంలో రొట్టె, ద్రాక్షారసం పట్టుకుని అబ్రాముకు ఎదురొచ్చిన యాజకుడు మెల్కీసెదెకును ముందుకు తెచ్చాడు. మెల్కీసెదెకు తల్లి ఎవరో తండ్రి ఎవరో లేఖనం చెప్పదు. వంశావళే లేదు. క్రీస్తు యాజకత్వం ఆ క్రమానికి చెందినదని, ఆయన తనను తాను ఒక్కసారే అర్పించుకున్నాడని, ఇక మరో బలి అక్కర్లేదని ఆ పత్రిక వాదం. పేతురు మొదటి పత్రిక మరో అడుగు ముందుకేసి, విశ్వాసులందరినీ కలిపి యాజక సమూహమని పిలిచింది. సంఘ నాయకులను మాత్రం కొత్త నిబంధన పెద్దలు, అధ్యక్షులు, పరిచారకులు అంటుంది.

మాల, మాదిగ పల్లెల్లో కూర్చుని ఈ మాట విన్నవాళ్లకు అది పండితుల చర్చలా వినబడి ఉండదు. తరతరాలుగా గుడి బయట నిలబెట్టిన మనుషులకు, దేవుని సన్నిధికి వెళ్లడానికి వంశం అడ్డు కాదని చెప్పడమంటే ఏమిటో వేరే వివరించక్కర్లేదు. అజరయ్యగారు దీన్ని బోధించి ఊరుకోలేదు. బాప్తిస్మం పొందినవారి చేత తల మీద చెయ్యి పెట్టించి, తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవుడినని, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అని పలికించేవారు. చదువు రాని కూలీ అయినా, పొలంలో నాట్లు వేసే ఆడమనిషి అయినా ఆ క్షణం నుంచి పరిచర్యలో భాగస్థులే. ఆ పల్లెల్లోంచే ఉపదేశకులు వచ్చారు, ఉపదేశకుల్లోంచి గురువులు వచ్చారు. మన అధ్యక్ష మండలం పెరిగిందంటే ముందు ఈ వరసలోనే పెరిగింది. భవనాలు తర్వాత. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కథీడ్రల్, గుడి స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ ఒక్కచోట కలుపుకుని ఎంత అందంగా నిలబడినా, దానికంటే ముందే పల్లెల్లో సంఘం నిలబడింది.

కులం మాత్రం గుమ్మం దగ్గర ఆగిపోలేదు. ఫలానావారి చేతి రొట్టె తీసుకుంటామా అన్న మాట, మాల, మాదిగ సంఘాల మధ్య పేచీలు, తెలుగు క్రైస్తవంలో అన్ని సమాజాలనూ వేధించాయి. వంశాన్ని దాటిన యాజకత్వాన్ని నమ్ముతూ వంశం చూసి గురువును ఎంచుకోవడం ఆ విశ్వాసాన్ని కాదనడమే. ఉత్సవ సంచికలో ఈ మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఇక్కడ చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పాలి?

ఇక అభిషేకంతో వచ్చే గురుత్వం సంగతికొస్తే, కతోలిక సోదరులు దాన్ని ఒక సంస్కారంగా నమ్ముతారు. రెండో వాటికన్ మహాసభ 1964లో విశ్వాసులందరి యాజకత్వాన్ని గట్టిగా చెప్తూనే, అభిషిక్త గురువుల యాజకత్వం స్వభావంలోనే వేరని నిలబెట్టింది. మనం ఆ మాట దగ్గర వారితో ఏకీభవించం. అయితే ఇద్దరికీ మూలం క్రీస్తు ఒక్కడే అర్పించిన బలి.

దక్షిణ భారతంలోని వేర్వేరు ప్రొటెస్టెంట్ సంఘాలు ఒక్కటి కావాలని 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యత చర్చలు ఇరవై ఎనిమిదేళ్లు సాగడానికి పెద్ద కారణం కూడా ఈ గురుత్వమే. బిషప్ చేతులు పెట్టకుండా అభిషేకం పొందిన కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్, మెథడిస్టు సేవకులు నిజమైన గురువులేనా? వారికి మళ్లీ అభిషేకం చేయాలా? అక్కర్లేదని ఆ చర్చల్లోంచి పుట్టిన దక్షిణ భారత సంఘం (సీఎస్ఐ) తేల్చింది. ఉన్నవారిని ఉన్నట్టే చేర్చుకుని, ఇకపై జరిగే అభిషేకాలన్నీ బిషప్, ప్రెస్బిటర్లు కలిసి చేతులు పెట్టి చేయాలని నిర్ణయించింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో ఐక్యత నెరవేరింది. దాని కోసం జీవితాన్ని ధారపోసిన అజరయ్యగారు 1945 జనవరి 1నే ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు.

కొత్త సంఘం 1950లో తెచ్చిన ఆరాధన క్రమంలో ఈ వేదాంతం కంటికి కనబడుతుంది. గురువు బల్లకు వెనక నిలబడి ప్రజల వైపు తిరిగి ఉంటారు. రొట్టె, ద్రాక్షారసం సంఘస్థులే ముందుకు తెస్తారు. సమాధానం గురువు చేతుల నుంచి మొదలై ఒకరి చేతుల్లోంచి ఒకరికి చివరి వరస దాకా వెళ్తుంది. తర్వాత ఎన్నో దేశాల సంఘాలు ఈ పద్ధతుల వైపు వచ్చాయి.

అయితే ఈ ఐక్యతలో అందరూ ఒక్కసారే కలవలేదు. అప్పట్లో మన డోర్నకల్ అధ్యక్ష మండలంలోనే ఉన్న నంద్యాల ప్రాంతం ఆంగ్లికన్లలో చాలామంది, బిషప్ అభిషేకం లేని గురుత్వాన్ని అంగీకరించలేక 1947లో బయటే ఉండిపోయారు. వారిది మొండితనమని కొట్టిపారేయడం అన్యాయం. అపొస్తలుల నుంచి వచ్చిందని నమ్మిన దాన్ని వదులుకోలేకపోయారు. పంతొమ్మిది వందల డెబ్బైల్లో వారు దక్షిణ భారత సంఘంలోకి వచ్చారు. ఆ దశాబ్దంలోనే ఈ సంఘం స్త్రీలకు గురు అభిషేకం మొదలుపెట్టింది. 2013 సెప్టెంబరులో దక్షిణ భారత సంఘానికి మొదటి మహిళా బిషప్‌గా ఎగ్గోని పుష్పలలితగారు ఎన్నికైంది ఆ నంద్యాలకే. ఎవరు గురువు కావచ్చన్న ప్రశ్న మీద అంత కాలం విడిగా నిలిచిన చోటే ఆ తలుపు తెరుచుకుంది. వంశం అడ్డు కాదన్న సంఘం, స్త్రీ కావడమూ అడ్డు కాదని చెప్పడానికి ఇంత కాలం పట్టడం విచారకరం. చెప్పినందుకు మాత్రం దేవునికి స్తోత్రం.

ఈ సంచికలో బిషప్పుల ఫొటోలు వరసగా వేస్తాం, వేయాలి కూడా. గురువు ఒక్కో పల్లెకు వంతుల మీద వచ్చే రోజుల్లో, ప్రతి సాయంత్రం గంట కొట్టి, పిల్లలకు అక్షరాలు దిద్దించి, రోగి పక్కన ప్రార్థన చేసి, శవాన్ని మోసుకెళ్లినవారు ఉపదేశకులు, వాళ్ల భార్యలు. పేతురు చెప్పిన యాజక సమూహం వారే. వారి పేర్లు పాస్టరేట్ రిజిస్టర్లలోనూ, ఊళ్లల్లో ముసలివాళ్ల నోళ్లల్లోనూ ఇంకా ఉన్నాయి. ఏ ఊరికి ఆ ఊరు వాటిని ఈ ఏడాదే రాసి మండల కార్యాలయానికి పంపిస్తే, వచ్చే సంచికలో మొదటి పేజీలు వారికివ్వాలని నా మనవి.