ఇంటికి హీట్ పంపు ఎంపిక (చింతూరు, మన్యం ప్రాంతాలు)

హీట్ పంపు అంటే ఒక చోట ఉన్న వేడిని తోడి మరో చోట పోసే విద్యుత్ యంత్రం. హీటరులా ఇది కరెంటును కాల్చి వేడి పుట్టించదు, గాలిలోనో నీటిలోనో ముందే ఉన్న వేడిని కదిలిస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుతో మూడు, నాలుగు యూనిట్ల వేడిని అందించగలదు. ఇంట్లోని ఫ్రిజ్, ఏసీ కూడా ఈ సూత్రం మీదే నడుస్తాయి. చలి దేశాల్లో హీట్ పంపు అంటే ఇల్లు వెచ్చబరిచే యంత్రం. తెలుగు ఇళ్ళలో మాత్రం అది ప్రధానంగా రెండు రూపాల్లో కనిపిస్తుంది: గది చల్లబరిచే ఏసీ, స్నానానికి నీళ్ళు కాచే హీట్ పంపు వాటర్ హీటర్.

ప్రాంతం, వాతావరణం

చింతూరు శబరి నది ఒడ్డున ఉన్న మండల కేంద్రం. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేది. పోలవరం ప్రాజెక్టు ముంపు మండలం కావడంతో 2014లో తూర్పు గోదావరిలో కలిసింది. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. కోయ, కొండరెడ్డి జనం ఎక్కువగా ఉండే ప్రాంతమిది. పల్లంలో ఉన్నందున వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి మండలం లంబసింగిలో శీతకాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నాకు చేరువగా పడిపోతుంది. ఘాట్ దిగువన వేడిని బయటికి తోడాలి, ఘాట్ పైన వేడిని లోపలికి తేవాలి. ఎంపికలో మొదట చూడవలసిన తేడా ఇదే.

పనితీరు

యంత్రంలో నాలుగు ముఖ్య భాగాలుంటాయి. ఆవిరి కాయిల్‌లో శీతలకారి ద్రవం చుట్టుపక్కల వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి మరింత వేడెక్కిస్తుంది. రెండో కాయిల్‌లో అది వేడిని వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. చివరి వాల్వు దగ్గర ఒత్తిడి తగ్గి చల్లబడి, మొదటికి వస్తుంది. ప్రవాహాన్ని తిరగేసే వాల్వు ఉన్న ‘హాట్ అండ్ కోల్డ్’ ఏసీలు వేసవిలో చల్లగానూ, చలికాలంలో వెచ్చగానూ పనిచేస్తాయి.

ఈ ఆలోచనను 1852లో లార్డ్ కెల్విన్ ప్రతిపాదించాడు. 1850లలోనే ఆస్ట్రియాలో పీటర్ రిట్టింగర్ ఉప్పు నీటిని ఇగిర్చే పనికి దీన్ని అమలులో పెట్టాడు.

బావి ఎంత లోతైతే చేద తోడడం అంత కష్టం. హీట్ పంపుకూ ఇదే వర్తిస్తుంది. వేడిని తీసుకునే చోటికీ పోసే చోటికీ మధ్య ఉష్ణోగ్రత తేడా పెరిగేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది. ఏసీని 18 డిగ్రీల దగ్గర కాకుండా 24 దగ్గర నడపమనడానికి కారణం అదే. 2020 జనవరి నుంచి దేశంలో అమ్మే స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా వస్తున్నాయి.

సమర్థత కొలతలు

ఖర్చయిన ఒక్కో యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల వేడి కదిలిందో చెప్పే అంకె సీఓపీ. ఏసీలకు దేశవ్యాప్తంగా వాడే కొలత ఐఎస్ఈఈఆర్. బయట 24 నుంచి 43 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రతల్లో ఏడాదికి 1,600 గంటలు నడిచినట్టు దీన్ని లెక్కిస్తారు. 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006లో స్టార్ లేబుల్‌ను ప్రవేశపెట్టింది. 2022 పట్టిక ప్రకారం స్ప్లిట్ ఏసీకి ఐఎస్ఈఈఆర్ 3.80 ఉంటే మూడు స్టార్లు, 5.00 చేరితే అయిదు స్టార్లు వచ్చేవి. ఈ పట్టికను కొన్నేళ్ళకోసారి కఠినం చేస్తారు. కాబట్టి స్టార్లను మాత్రమే లెక్కపెట్టి ఊరుకోకుండా లేబుల్ మీది సంవత్సరాన్ని, అంకెను, ఏటా ఖర్చయ్యే యూనిట్లను చదవాలి.

ఏడాదిలో ఒక గది నుంచి 4,000 యూనిట్ల వేడిని తోడాలనుకుందాం. 3.80 అంకె ఉన్న ఏసీకి దాదాపు 1,053 యూనిట్లు పడతాయి, 5.00 ఉన్నదానికి 800 చాలు. చింతూరు లాంటి చోట ఏసీ ఎక్కువ నెలలు నడుస్తుంది గనుక అదనపు ధర త్వరగా తిరిగి వస్తుంది. ఏడాదికి నెల రోజులే వాడే ఇంటికి ఆ లెక్క కుదరదు.

నీళ్ళు కాచే హీట్ పంపు

వంద లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు కాచడానికి దాదాపు 3.5 యూనిట్ల వేడి కావాలి. రాడ్డు హీటరైనా గీజరైనా అంత కరెంటూ తాగుతుంది. సీఓపీ 3 ఉన్న హీట్ పంపు 1.2 యూనిట్లలోపే ఆ పని ముగిస్తుంది. కట్టెల పొయ్యి మీద కాగు పెట్టే ఇంట్లో ఇది పొగనూ కట్టెల మోతనూ కూడా తప్పిస్తుంది. అయితే నీళ్ళు కాగడానికి గీజరుకన్నా ఎక్కువ సమయం పడుతుంది కనుక పెద్ద ట్యాంకు, దానికి మంచి ఇన్సులేషన్ అవసరం.

కొండ మీది ఇంట్లో తెల్లవారుజామున నడిపితే బయటి గాలిలో తోడడానికి వేడి తక్కువ, కాయిల్ మీద మంచు పేరుకునే ప్రమాదం కూడా ఉంది. మధ్యాహ్నం గాలి వెచ్చగా ఉన్నప్పుడు టైమరు పెట్టి కాచి, ట్యాంకులో దాచుకోవడం మేలు. ఇంటి కప్పు మీద సోలార్ పలకలుంటే ఆ కరెంటే ఈ పనికి సరిపెట్టుకోవచ్చు. కంపెనీ చెప్పే సీఓపీ ఎంత చలిలో, ఎంత వేడి నీటికి లెక్కించినదో అడిగి తెలుసుకోవాలి.

ఎంపికలో చూడవలసినవి

ముందు ఇల్లు: ఎండకు కాగిన స్లాబు రాత్రంతా గదిలోకి వేడి వదులుతుంది. కప్పు మీద సున్నం లేదా తెల్ల పూత, పడమటి గోడకు నీడ, కిటికీలకు తెరలు ఉంటే చిన్న యంత్రమే సరిపోతుంది. మట్టి గోడలు, మందమైన గడ్డి కప్పు ఉన్న పాత ఇళ్ళు ఎండను ఆపడంలో స్లాబు ఇళ్ళకన్నా నయం.

పరిమాణం: ఒక టన్ను అంటే 3.5 కిలోవాట్ల వేడిని తోడే శక్తి. 120 చదరపు అడుగుల లోపు గదికి ఒక టన్ను, 180 లోపు గదికి ఒకటిన్నర టన్ను సాధారణ లెక్క. పై అంతస్తు గదికి కొంత ఎక్కువ కావాలి. అవసరానికి మించిన యంత్రం మాటిమాటికీ ఆగి మొదలవుతూ కరెంటు వృథా చేస్తుంది, గాలిలో తేమనూ సరిగా లాగదు. అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకునే ఇన్వర్టర్ రకం మేలైనది.

కరెంటు: అడవి మధ్య నుంచి వచ్చే లైన్లలో లో వోల్టేజీ, అంతరాయాలు తప్పవు. యంత్రం ఏ వోల్టేజీ పరిధిలో నడుస్తుందో చూసి, అవసరమైతే స్టెబిలైజర్ పెట్టాలి. ఎర్తింగు తప్పనిసరి.

వరద: 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి వెనక్కి తన్ని చింతూరు ప్రాంతాన్ని ముంచింది. అందుకే అవుట్‌డోర్ యూనిట్‌ను నేల మీద దిమ్మె కట్టి వదిలేయకుండా వరద జాడకు పైన, గాలి ఆడే చోట బిగించాలి.

మరమ్మతు: గ్యాస్ నింపే మెకానిక్ ఎక్కడి నుంచి రావాలి, భద్రాచలమా, రంపచోడవరమా, రాజమండ్రా అన్నది కొనే ముందే అడగాలి. సర్వీసు అందని అయిదు స్టార్ల యంత్రంకన్నా అందుబాటులో బాగుచేసేవారున్న నాలుగు స్టార్ల యంత్రమే ఇంటికి ఆసరా.

పర్యావరణం

పాత ఆర్-22 వాయువు ఓజోను పొరను దెబ్బతీస్తుంది. తర్వాత వచ్చిన ఆర్-410ఏ ఓజోనుకు హాని చేయకపోయినా, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కన్నా రెండు వేల రెట్లు ఎక్కువ. ఆర్-32కు ఇది 675 రెట్లు. ప్రొపేన్ అనే ఆర్-290కి అతి స్వల్పం, కానీ మండే వాయువు గనుక శిక్షణ ఉన్నవారే బిగించాలి. ఆర్-410ఏ, ఆర్-32 లాంటి వాయువులను తగ్గించే కిగాలీ ఒప్పందాన్ని భారత్ 2021లో ఆమోదించింది. పాత ఏసీ విప్పేటప్పుడు గ్యాసును గాలిలోకి వదలకుండా సిలిండరులోకి పట్టించాలి.

చింతూరు మండలంలోనే పొల్లూరు దగ్గర 460 మెగావాట్ల దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం ఉంది. కొండల నుంచి దూకే నీటితో అక్కడ పుట్టే కరెంటు గ్రిడ్‌లో కలిసి దూర ప్రాంతాలకు పోతుంది. ఆ నీటికీ ఎండాకాలంలో హద్దుంటుంది. ఒకే పనికి మూడు యూనిట్ల బదులు ఒక్కటే వాడే యంత్రాన్ని చూసి ఎంచుకోవడం ఇంటి బిల్లుకూ, కరెంటునిచ్చే ఆ నదికీ మేలు చేస్తుంది.